ఒక్కో కత్తికి ఒక్కో పదును: ఇంట్లోనే సాన పట్టుకోవడం ఎలా?

ప్రకృతి వ్యవసాయం అనగానే మనం జీవామృతం, కషాయాలు, నవధాన్యాల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి వాటన్నిటికంటే ముందు మన చేతిలోకి వచ్చే వస్తువు గురించి చెప్తాను. అదే కత్తి. వంటింటి కత్తి, కొడవలి, కత్తిపీట, గొడ్డలి, కొమ్మలు కత్తిరించే సికేచర్, అన్నీ. వీడియోలో చేతి కదలిక చూపించాను. కానీ ఏది ఎందుకు అలా చెయ్యాలో వీడియోలో చెప్పడానికి టైం సరిపోలేదు. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మాది విశాఖపట్నం పక్కన ఆనందపురం మండలం. రెండున్నర ఎకరాల్లో కూరగాయలు, ఆకుకూరలు, కొంచెం జామ, మామిడి ఉన్నాయి. వారానికి మూడు రోజులు సిటీలో అపార్ట్‌మెంట్లకి కూరగాయల డబ్బాలు వేస్తాం. గుమ్మడికాయ, కంద, పనస లాంటివి ఎవరూ కాయ మొత్తం కొనరు కదా. అందుకని షెడ్డులోనే ముక్కలు కోసి తూకం వేసి ఇస్తాం.

పోయిన ఏడాది సంక్రాంతి ముందు గుమ్మడికాయలకి గిరాకీ బాగా ఉంది. షెడ్డులో పనిచేసే అక్క కాయ కోస్తుంటే కత్తి తొక్క మీద జారి ఎడమ చేతి చూపుడు వేలి మీదకి వచ్చేసింది. ఐదు కుట్లు పడ్డాయి. పదిహేను రోజులు ఆవిడ పనికి రాలేకపోయింది. కూలి డబ్బులు ఇచ్చాను అనుకోండి. కానీ పండక్కి ఇంట్లో అరిసెలు కూడా చెయ్యలేకపోయానని ఆవిడ అన్నప్పుడు నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు.

అందరూ ఒకటే మాట అన్నారు, కత్తి మరీ పదునుగా ఉంది కాబోలు అని. సాయంత్రం ఆ కత్తి తీసి పండిన టమాటా మీద ఆనించి లాగి చూశాను. తొక్క తెగలేదు, సొట్ట పడింది. అంటే ఆవిడ వేలు తెగింది పదును ఎక్కువై కాదు, పదును లేక.

మొద్దు కత్తి ఎందుకు ప్రమాదం

పదునున్న కత్తి తనంతట తానే దిగుతుంది. మనం దారి చూపిస్తే చాలు. మొద్దు కత్తి దిగదు కాబట్టి మనం బలం పెడతాం. భుజం బలం అంతా పెట్టి నొక్కుతున్నప్పుడు కత్తి జారితే ఆ బలం అంతా ఎక్కడికి పోవాలి? పట్టుకున్న చేతి మీదకే. ఆ గాయం కూడా తిన్నగా ఉండదు, నలిగి చిరిగినట్టు ఉంటుంది. మానడానికి ఎక్కువ రోజులు పడుతుంది.

పదునున్న కత్తితో వేళ్ళు తెగవని కాదు. కానీ దాన్ని నొక్కాల్సిన పని లేదు కాబట్టి చెయ్యి మన అదుపులో ఉంటుంది. తేడా అంతే.

మొక్కకి తగిలే గాయం కూడా అంతే

ఇది మన ప్రకృతి వ్యవసాయదారులం ముఖ్యంగా ఆలోచించాల్సిన విషయం. మొద్దు సికేచర్‌తో జామ కొమ్మ కత్తిరించి చూడండి. కొమ్మ తెగదు, నలుగుతుంది. బెరడు కిందకి చీలిపోతుంది. అలా నలిగిన చోట చచ్చిన కణజాలం ఎక్కువగా ఉంటుంది, తడి నిలుస్తుంది, శిలీంధ్రాలు చేరతాయి. నున్నగా తెగిన కొమ్మ మీద మొక్క త్వరగా కొత్త బెరడు కట్టుకుంటుంది.

చెరకు ఇంకా మంచి ఉదాహరణ. మా అత్తగారి ఊరు చోడవరం వైపు, అంతా చెరకు. నాటడానికి మూడు కళ్ళ ముచ్చెలు కొడతారు. మొద్దు కత్తితో కొడితే ముచ్చె చివర చీలిపోతుంది. ఆ చీలికలోంచి శిలీంధ్రం లోపలికి పోతే ముచ్చె ఎర్రబడి, అనాసపండు వాసన కొడుతూ నేలలోనే కుళ్ళిపోతుంది. రసాయన సేద్యం చేసేవాళ్ళు ముచ్చెల్ని శిలీంధ్ర నాశినిలో ముంచుతారు. మనం బీజామృతంలో ముంచుతాం. మన వెనకాల మందు డబ్బా లేదు కాబట్టి నున్నటి కోతే మన మొదటి మందు. ఇదే నేను ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్న అసలు మాట.

చెరకులోనే ఇంకో విషయం ఉంది. కార్శి తోట గిడసబారిపోయే రోగం ఒకటుంది, ఇంగ్లిషులో రెటూన్ స్టంటింగ్ అంటారు. దీనికి కారణం ఒక బాక్టీరియా. అది చెరకు రసంలో ఉంటుంది, కోసే కత్తి మీద ఎక్కి ఒక దుబ్బు నుంచి ఇంకో దుబ్బుకి పోతుంది. నిమ్మ జాతిలో గజ్జి తెగులు కూడా కత్తిరించే పనిముట్ల ద్వారా వ్యాపిస్తుంది. అంటే పదును ఒక్కటే చాలదు, కత్తి శుభ్రం కూడా కావాలి. దాని సంగతి చివర్లో చెప్తాను.

నేను చేసిన తప్పు

అక్క వేలు తెగిన మర్నాడు కోపంలో షెడ్డులో ఉన్న కత్తులు, కొడవళ్ళు అన్నీ సంచిలో వేసుకొని, తెలిసిన వెల్డింగ్ షాపుకి పోయి, నేనే గ్రైండరు పట్టుకొని అన్నిటికీ నిప్పురవ్వలు రాల్చాను. రెండు గంటల్లో అన్నీ తళతళ మెరిశాయి. మొదటి రోజు వెన్నలా కోశాయి. మూడో రోజుకి మళ్ళీ మొద్దు. గొడ్డలి అంచు అయితే ఒక్క మోడు కొట్టేసరికి విరిగి పెచ్చు లేచిపోయింది.

మా ఊరి కమ్మరి తాత దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఒక కత్తిని ఎండకి పట్టి చూసి అన్నాడు. "కత్తి సెడ్డది కాదు బాబూ. అంచు ఎంబడి నీలంగా గీత కనబడతంది సూడు. నువ్వే కాల్చీసినావు." తర్వాత గొడ్డలి చూసి, "అన్నిట్నీ ఒకేలాగ రుద్దీడమేటి? కూర కత్తికో పదును, గొడ్డలికో పదును" అన్నాడు.

నేను అగ్రికల్చర్ డిప్లొమా చదివాను. పనిముట్ల బొమ్మలు వేసి భాగాలు గుర్తించడం నాకు వచ్చు. నేల పదును చూసి దుక్కి ఎప్పుడు చెయ్యాలో కూడా చెప్పగలను. కానీ ఇనుము పదును గురించి ఆ రోజు కొలిమి దగ్గరే మొదటిసారి నేర్చుకున్నాను.

ఆయన చెప్పిన నీలం రంగు సంగతి ఇది. కత్తిని కొలిమిలో కాల్చి నీళ్ళలోనో నూనెలోనో ముంచితే ఉక్కు గట్టిపడుతుంది. గాజులా పెళుసుగా కూడా అవుతుంది. అందుకని మళ్ళీ కొంచెం వేడి చేసి ఆ పెళుసుతనం తగ్గిస్తారు. ఆ వేడి సుమారు 200 డిగ్రీలు. గ్రైండరు మీద సన్నటి అంచు ఒక్క క్షణంలో 300 డిగ్రీలకి పోతుంది, అప్పుడే నీలం రంగు తేలుతుంది. ఆ రంగు వచ్చినంత మేర ఉక్కు మెత్తబడిపోయినట్టే. ఎంత సాన పట్టినా అది నిలవదు. ఆ భాగం చల్లగా అరగదీసేసి, లోపల గట్టి ఉక్కు వచ్చేదాకా పోవాలి. అందుకే చేత్తో, తడి రాయి మీద, నెమ్మదిగా చెయ్యమంటాను. సైకిల్ చక్రం మీద సాన పట్టే అతను వీధిలోకి వచ్చినా సరే, మధ్యమధ్యలో కత్తి నీళ్ళలో ముంచమని అడగండి. పని తెలిసినవాళ్ళు అడగకుండానే ముంచుతారు.

పదును అంటే ఏమిటి?

రెండు వాలు గోడలు పైన కలిసే చోట ఇంటికప్పు కూచిగా ఉంటుంది కదా, కత్తి అంచు కూడా అంతే. ఆ రెండు వాలులు ఒక గీతలో కలవాలి. వాడగా వాడగా ఆ గీత గుండ్రంగా అరిగిపోతుంది, లేదా ఒక పక్కకి వంగిపోతుంది. సాన పట్టడం అంటే ఆ వాలుల్ని మళ్ళీ అరగదీసి గీత దగ్గర కలపడం.

వాలు ఎంత ఉండాలి అన్నదే ముఖ్యం. వాలు తక్కువైతే అంచు సన్నగా ఉంటుంది, బాగా తెగుతుంది, కానీ త్వరగా పెచ్చు లేస్తుంది. వాలు ఎక్కువైతే అంచు మందంగా ఉంటుంది, దెబ్బలకి తట్టుకుంటుంది, కానీ టమాటా తెగదు. సుమారుగా ఇలా గుర్తుపెట్టుకోండి:

- కూర కత్తి: ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీలు
- కొడవలి, కత్తిపీట: 20 నుంచి 25 డిగ్రీలు
- గొడ్డలి, కొబ్బరి కొట్టే కత్తి: 25 నుంచి 30 డిగ్రీలు
- పార, బొరిగె: 40 డిగ్రీల పైన, ఒక్క వైపే

డిగ్రీలు కొలవడానికి కోణమానిని అక్కర్లేదు. కత్తిని రాయి మీద పడుకోబెట్టి, వెన్ను ఎంత ఎత్తు లేపాలో చూసుకుంటే చాలు. బ్లేడు వెడల్పులో మూడో వంతు ఎత్తు లేపితే 20 డిగ్రీలకి దగ్గరగా వస్తుంది. నాలుగో వంతు లేపితే 15 డిగ్రీలకి దగ్గర. మీ కత్తి బ్లేడు 4 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే, వెన్ను కింద 1.3 సెంటీమీటర్ల ఎత్తున్న చెక్క ముక్క పెట్టి చూసుకోండి. రెండు మూడుసార్లకి చేతికి అలవాటైపోతుంది.

అంచు ఎక్కడిదాకా అరిగిందో తెలియకపోతే స్కెచ్ పెన్నుతో వాలు మీద రంగు పూయండి. నాలుగు సార్లు రుద్ది చూడండి. రంగు అంచు దగ్గర పోకుండా పైన పోతే మీరు వెన్ను తక్కువ లేపినట్టు. అంచు దగ్గరే పోతే ఎక్కువ లేపినట్టు. మొత్తం సమానంగా పోతే సరిగ్గా ఉంది.

ఏ రాయి కొనాలి?

హార్డ్‌వేర్ షాపుల్లో ఒక వైపు గరుకుగా, ఇంకో వైపు నున్నగా ఉండే సానరాయి దొరుకుతుంది. మొదలుపెట్టడానికి అది చాలు. రాయి మీద నెంబరు చిన్నదైతే గరుకు, పెద్దదైతే నున్నన. 120, 240 లాంటివి అరిగిపోయిన అంచుని తిరిగి తేవడానికి. 1000 దగ్గరిది వంటింటి కత్తికి చివరి పదును పెట్టడానికి. గొడ్డలి, పార లాంటి వాటికి రాయి కంటే ఆకురాయి మేలు.

రాయి లేదా? పింగాణీ కప్పు తిరగేసి చూడండి. అడుగున చుట్టూ మెరుపు పూత లేని గరుకు అంచు ఉంటుంది. దాని మీద పది సార్లు లాగితే వంటింటి కత్తి ఆ పూటకి లేస్తుంది. మన అమ్మమ్మలు రోలు అంచు మీద, గడప రాయి మీద నూరింది కూడా ఇలాగే.

రాయి మీద నీళ్ళు గానీ నూనె గానీ ఏదో ఒకటే వాడండి. ఒకసారి నూనె పీల్చిన రాయి మీద నీళ్ళు నిలవవు. నేను నీళ్ళే వాడతాను, కడగడం తేలిక. రాయి కింద తడి గోనె గుడ్డ పరిస్తే కదలదు. వాడగా రాయి మధ్యలో గుంట పడుతుంది. అప్పుడు నీళ్ళు చల్లి చదునైన సిమెంటు గచ్చు మీద రుద్ది సాపు చెయ్యండి. గుంట పడిన రాయి మీద ఎంత రుద్దినా వాలు సరిగ్గా రాదు.

కూర కత్తి: అంచెలంచెలుగా

1. కత్తి కడిగి తుడవండి. రాయి తడపండి.

2. గరుకు వైపు రాయి మీద కత్తి పెట్టి, వెన్ను మూడో వంతు లేపండి. పిడి దగ్గర మొదలుపెట్టి మొన దాకా, రాయి మీద నుంచి సన్నటి పొర కోస్తున్నట్టు లాగండి. ఎడమ చేతి వేళ్ళు బ్లేడు మీద ఆనించి ఉంచండి, అంచుకి దూరంగా. మొన దగ్గరకి వచ్చేసరికి పిడి కొంచెం పైకి లేపాలి, లేకపోతే వంపు దగ్గర రాయి తగలదు.

3. ఒకే వైపు రుద్దుతూ ఉండండి. కాసేపటికి అవతలి వైపు అంచు మీద సన్నటి ఇనుప పొర మడత పడుతుంది. బొటనవేలితో వెన్ను నుంచి అంచు బయటకి జరిపితే గరుకుగా తగులుతుంది. వేలిని అంచు పొడుగునా మాత్రం ఎప్పుడూ జరపకండి. ఆ మడత పిడి నుంచి మొన దాకా వచ్చిందంటే మీ వాలు అంచుని చేరినట్టు. చాలామంది ఈ మడత రాకముందే ఆపేస్తారు. ఎంత రుద్దినా పదును రావట్లేదు అనేవాళ్ళ సమస్య నూటికి తొంభై పాళ్ళు ఇదే.

4. ఇప్పుడు రెండో వైపు. మళ్ళీ మడత ఇవతలికి వచ్చేదాకా.

5. రాయి నున్నటి వైపు తిప్పి అదే పని, తక్కువ బలంతో. చివర్లో ఇటొకసారి, అటొకసారి, కత్తి బరువుతోనే లాగండి. ఇలా చేస్తే మడత చిన్నదై ఊడిపోతుంది.

6. పాత తోలు బెల్టు మీద, అంచు వెనక్కి ఉండేలా, పది పదిహేను సార్లు లాగండి. మంగలి షాపులో పాతకాలం కత్తిని తోలు మీద లాగేవారు చూడండి, అదే.

7. టమాటా మీద పరీక్ష. నొక్కకుండా లాగితే తొక్క తెగాలి.

వంటింట్లో ఉండే స్టీలు కడ్డీ సంగతి కూడా చాలామందికి తెలీదు. నున్నటి కడ్డీ పెద్దగా అరగదీయదు, పక్కకి వంగిన అంచుని తిన్నగా నిలబెడుతుంది. స్టెయిన్‌లెస్ కత్తులు మెత్తగా ఉంటాయి కాబట్టి అంచు ఊరికే వంగుతుంది. రోజూ వంటకి ముందు కడ్డీ మీద నాలుగు సార్లు లాగితే రాయి పని నెలకో రెండు నెలలకో ఒకసారి సరిపోతుంది.

మిగతా అంచుల సంగతి

సికేచర్, అంటు కత్తి. వీటికి వాలు ఒక్క వైపే ఉంటుంది. రెండో వైపు చదును. అంటు కట్టే కత్తికి చదును వైపు ఎందుకంటే, సువర్ణరేఖ అంటు కట్టేటప్పుడు పుల్ల మీద కోత తిన్నగా పలకలా రావాలి. రెండు కోతలు గాలి దూరకుండా ఆనుకుంటేనే అంటు అతుకుతుంది. రెండు వైపులా వాలు పెట్టేస్తే కోత గుంటలా వస్తుంది. కాబట్టి వాలు వైపు మాత్రమే రుద్దండి. మడత పోవడానికి చదును వైపుని రాయి మీద పూర్తిగా పడుకోబెట్టి రెండుసార్లు లాగండి, కొంచెం కూడా లేపకూడదు. సికేచర్‌లో కొక్కెంలా ఉన్న రెండో దవడకి పదును పెట్టకండి. అది ఆసరా మాత్రమే.

కత్తిపీట. ఇక్కడ కత్తి కదలదు కాబట్టి రాయే కత్తి దగ్గరికి రావాలి. పీట మీద కాలు వేసి గట్టిగా నొక్కి, చిన్న రాయి ముక్కని వంపు ఎంబడి కింద నుంచి పైకి, చెయ్యి అంచుకి వెనక ఉండేలా నడపండి. పని అయ్యాక బ్లేడు మడిచేది అయితే మడిచెయ్యండి. పిల్లలున్న ఇళ్ళల్లో కత్తిపీట నిలబెట్టి వదిలేసే అలవాటు మానుకోవాలి.

నున్న కొడవలి. గడ్డి, ఆకుకూరలు, పచ్చిరొట్ట కొయ్యడానికి. వంపు లోపలి వైపు అంచు ఉంటుంది కాబట్టి చదును రాయి ఆనదు. గుండ్రటి రాయి గానీ, కోలగా ఉండే చేతి రాయి గానీ వాడండి. పొలంలో గంటకోసారి నాలుగు సార్లు రాయి తగిలిస్తే సాయంత్రానికి నడుము నొప్పి సగం తగ్గుతుంది. నవధాన్యాల పైరు కోసి ఆచ్ఛాదనగా పరిచేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. మొద్దు కొడవలితో లాగితే మొక్క తెగకుండా వేళ్ళతో సహా ఊడి వచ్చేస్తుంది. మనకి వేళ్ళు నేలలోనే ఉండాలి కదా.

కక్కు కొడవలి. వరి కోతకి వాడే పళ్ళ కొడవలి. గీతలు ఒక వైపే కొట్టి ఉంటాయి. ఆ గీతల వైపు రాయి పెట్టి రుద్దారంటే పళ్ళు పోయినట్టే. గీతలు లేని వైపు రాయిని చదునుగా ఆనించి తేలిగ్గా రుద్దండి. పళ్ళ మొనలు మళ్ళీ లేస్తాయి. పళ్ళు పూర్తిగా అరిగిపోతే అది ఇంట్లో అయ్యే పని కాదు. కమ్మరి దగ్గర కక్కు కొట్టించాలి. బ్రెడ్డు కత్తికి కూడా ఇదే పద్ధతి.

గొడ్డలి, కొబ్బరి కత్తి, ఆవకాయ కత్తి. వీటి అంచు తిన్నటి వాలు కాదు, కొంచెం పొట్ట ఉండాలి. చేప పొట్టలాగ. ఆ పొట్టే దెబ్బని తట్టుకుంటుంది, చెక్కని పక్కకి తోస్తుంది. నేను గొడ్డలికి కూర కత్తిలా సన్నటి వాలు పెట్టాను కాబట్టే పెచ్చు లేచింది. ఆకురాయి పట్టుకొని, అంచు నుంచి వెనక్కి చెయ్యిని ఊయలలా వంచుతూ రుద్దండి. ఆవకాయకి మామిడికాయ టెంకతో సహా కొట్టాలి. కూర కత్తితో ఆ పని చేసి కత్తి పాడుచేసుకున్న ఇళ్ళు ఎన్నో. టెంకకి మందపాటి కత్తి, ముక్కకి సన్నటి కత్తి.

పార, బొరిగె. వీటికి కూడా పదునా అనకండి. ఆకురాయితో లోపలి వైపు మాత్రమే పది సార్లు లాగి, కలుపు తీసి చూడండి. నేల ఊడ్చినట్టు పోతుంది. మట్టిలో రాళ్ళు తగులుతాయి కాబట్టి సన్నటి అంచు మాత్రం వద్దు.

ఒక మాట చెప్పాలి. సన్నటి పదును చూడాలంటే తాటిచెట్టు గీసే తాతల కత్తి చూడండి. చెక్క మీద మెత్తటి రాతిపొడి చల్లుకొని నూరతారు. గెల చివర రోజూ పల్చగా చెక్కాలి, నలిగితే కల్లు ధార తగ్గిపోతుంది. చెట్టుకి నున్నటి కోత ఎంత ముఖ్యమో వాళ్ళకి తెలిసినంత మనకి తెలీదు.

ఉక్కు నగరంలో ఉక్కు ఎంపిక

విశాఖలో ఉంటూ ఉక్కు గురించి మాట్లాడకపోతే ఎలా? 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని ఉద్యమం చేసి తెచ్చుకున్న కర్మాగారం మనది. ఇక్కడ తుక్కు చువ్వలు తేలిగ్గా దొరుకుతాయని కొందరు వాటితోనే కొడవళ్ళు, కత్తులు కొట్టిస్తుంటారు. అది ఉక్కు తప్పు కాదు, ఎంపిక తప్పు. బిల్డింగులకి వాడే టీఎంటీ చువ్వలో కార్బన్ 0.3 శాతానికి మించదు. భూకంపం వస్తే వంగాలి గానీ విరగకూడదు, వెల్డింగ్ కూడా పట్టాలి, అందుకే అంత తక్కువ ఉంచుతారు. కానీ కత్తి గట్టిపడాలంటే కార్బన్ 0.5, 0.6 శాతం అయినా కావాలి. అందుకే మన కమ్మరులు లారీ కమాను పట్టీ ముక్క తెచ్చుకోమంటారు. వాళ్ళు పుస్తకం చదివి చెప్పలేదు. నీళ్ళలో ముంచినప్పుడు ఏది గట్టిపడుతుందో చూసి చెప్పారు.

ఈ తెలివి మన దగ్గర కొత్తది కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా కత్తుల తయారీకి వెళ్ళేది. అందులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉండేది. ఇంగ్లిషులో వూట్జ్ అనే మాట ఉక్కు అన్న మన మాట నుంచే వచ్చిందంటారు. ఇప్పుడు అదే జాతి పనివాళ్ళ కొలిమి ఊరికొకటి కూడా మిగల్లేదు. మీ ఊళ్ళో ఉంటే కొడవలి అక్కడే కొట్టించండి, బేరం ఆడకండి.

తుప్పు, శుభ్రం, భద్రత

కమాను పట్టీ కత్తులు పదును బాగా నిలుపుకుంటాయి గానీ తుప్పు పడతాయి. మన సముద్రపు గాలికి ఒక్క రాత్రి తడిగా వదిలేస్తే చాలు. తుప్పు ముందు తినేది ఆ సన్నటి అంచునే. పని అవ్వగానే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కొబ్బరి నూనె చుక్క రాయండి. పొద్దుతిరుగుడు, సోయా లాంటి నూనెలు కొన్నాళ్ళకి జిగురుగా పేరుకుపోతాయి. చింతపండు, నిమ్మకాయ, పచ్చిమామిడి కోశాక అస్సలు ఆలస్యం చెయ్యకండి, పులుపు ఇనుముని తినేస్తుంది.

రోగం ఉన్న చెట్టు నుంచి ఇంకో చెట్టుకి పోయేముందు బ్లేడు మీద జిగురు తుడిచి, 70 శాతం ఆల్కహాల్ ఉన్న స్పిరిట్‌తో తుడవండి. గోమూత్రంలో ముంచితే చాలదా అని నన్ను అడుగుతారు. నేలకి, విత్తనానికి దాని పని దానికుంది. కత్తి మీద రోగక్రిమిని చంపడానికి మాత్రం నేను దాని మీద ఆధారపడను. స్పిరిట్ వాడేటప్పుడు దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

పదును పెట్టిన కత్తిని గిన్నెలతో పాటు సింకులో పడెయ్యకండి. అంచూ పోతుంది, కడిగేవాళ్ళ చెయ్యీ పోతుంది. స్టీలు, గ్రానైటు గట్టు మీద కొయ్యకండి, చెక్క పలక మీద కొయ్యండి. కత్తిని చేతికి ఇవ్వకూడదు, కింద పెడితే తీసుకోవాలి అని పెద్దవాళ్ళు అంటారు. గొడవలు వస్తాయని చెప్తారు గానీ, పదును కత్తి ఉన్న షెడ్డులో అది మంచి రూలు. మేం పాటిస్తాం. దసరాకి పనిముట్లకి బొట్టు పెట్టే ముందు రోజు అన్నిటికీ పూర్తి సాన పడతాం.

ఇప్పుడు మా షెడ్డులో ప్రతి సోమవారం పొద్దున్న అరగంట సాన పనికే. ఆ గుమ్మడికాయ కత్తి నీలం గీత పోయేదాకా అరగదీశాను, రెండు మిల్లీమీటర్లు సన్నబడింది, కానీ ఇప్పుడు పదును నిలుస్తోంది. అది ఆ అక్క దగ్గరే ఉంది. రోజూ ముందు ఒక టమాటా మీద పెట్టి లాగి చూస్తుంది. తొక్క తెగకపోతే కత్తి నా ముందు పెట్టి, "ఇది నూరీసి ఇయ్యి తమ్ముడూ, అంతవరకు కాయ ముట్టను" అంటుంది. నేను నూరి ఇస్తాను.